శాలువా కప్పే ముందు అప్లికేషన్ నింపుదాం

నేను పొడుగు పొడుగు మెసేజీలు పెడతానని మీరు నవ్వుకుంటారని తెలుసు. ఈ ఒక్కటి మాత్రం చివరిదాకా చదవండి. ఇంట్లో తొమ్మిదో క్లాసు నుంచి డిగ్రీ దాకా చదివే పిల్లోళ్లుంటే వాళ్లకి కూడా చదివి వినిపించండి. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

మొన్న కమిటీ మీటింగులో ఈ ఏడు ప్రతిభా పురస్కారాల ఖర్చు లెక్క చదివినారు. శాలువాలు, మెమెంటోలు, కవర్లు, హాలు బాడుగ, భోజనాలు. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇంటికొచ్చినాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే పోయిన ఏడు మనం శాలువా కప్పిన పిల్లల్లో ఒక అమ్మాయి ఈరోజు ఎక్కడుందో నాకు తెలుసు. అందులో నా తప్పు ఎంతుందో కూడా తెలుసు.

ఆ అమ్మాయి మా లైన్లోనే ఉంటుంది. పేరు చెప్పను. వాళ్ల నాన్న తెల్లారకముందే రైలెక్కి బెంగళూరులో సెక్యూరిటీ పనికి పోతాడు. బీకాంలో మంచి మార్కులు. గవర్నమెంట్ యూనివర్సిటీలో ఎంకాం చేయాలని ఆశ. ఒక ఆదివారం ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "తాతా, మార్క్స్ కార్డులో నా పేరుకి ముందు ఇనిషియల్ ఉంది, ఆధార్‌లో వెనకాల నాన్న పేరు పూర్తిగా ఉంది, క్యాస్ట్ సర్టిఫికెట్‌లో నాన్న పేరు స్పెల్లింగ్ ఇంకో రకంగా ఉంది. పర్వాలేదా?" అని అడిగింది. ముప్పై ఏడేళ్లు ఫారాల మధ్య కూర్చున్నవాణ్ణి కదా, గర్వం. "ఇనిషియల్ కూడా ఒక విషయమా, పోయి అప్లికేషన్ వెయ్యమ్మా" అని పంపించేసినాను.

మెరిట్ లిస్టులో పేరు వచ్చింది. కాయితాలు చూసే రోజు ఎప్పుడనే మెసేజి మాత్రం అమ్మాయికి రాలేదు. అప్లికేషన్ నింపిన సైబర్ సెంటర్ అబ్బాయి తన ఫోన్ నంబరే పెట్టుకున్నాడు, రెండు రోజుల తర్వాత చెప్పినాడు. పరుగెత్తుకుని పోతే, ఈ మూడు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ తెమ్మన్నారు. స్టాంపు పేపరు కొని, నోటరీ దగ్గర సంతకం పెట్టించుకుని తిరిగి పోయేలోపల ఆ రౌండు అయిపోయింది. ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో ఉంది. నాన్న చిట్టీ పాడి ఎత్తినాడు, చాలనిది వడ్డీకి తెచ్చినాడు. మనం ఇచ్చిన మెమెంటో వాళ్లింట్లో టీవీ పక్కనే ఉంది. నేను ఆ ఇంటి ముందు నుంచి పోవాలంటే తల దించుకుని పోతాను.

అందుకే ఈ మాట చెబుతున్నాను. మన పిల్లలకి మార్కులు తక్కువై చవక చదువు పోవడం లేదు. యూనివర్సిటీ ఫీజు కట్టలేక కూడా చాలామందికి పోవడం లేదు. కాయితం దగ్గర పోతోంది. తేదీ దగ్గర పోతోంది.

నేను బుకింగ్ కౌంటర్లో ఉన్నప్పుడు రోజూ చూసిన సంగతి ఒకటుంది. ప్రైవేటు బస్సోడు స్టేషను బయట నిలబడి, కేకేసి, సంచి కూడా తనే ఎత్తి పైన పెట్టి ఎక్కించుకుంటాడు. రైలు ఎవర్నీ పిలవదు. దాని టైముకి వస్తుంది, దాని టైముకి పోతుంది. కానీ టికెట్ చవక రైలుదే. చదువు కూడా అట్లే అయింది. ప్రైవేటు కాలేజీ తరఫున ఇంటికే మనిషి వస్తాడు, ఫారం తనే నింపుతాడు, బస్సు మీ వీధి దాకా వస్తుందంటాడు. గవర్నమెంట్ యూనివర్సిటీ ఇంటికి రాదు. వెబ్‌సైట్లో నోటిఫికేషన్ పెట్టి ఊరుకుంటుంది. చూసుకున్నవాడిది సీటు.

మన ఊరికి ఇది ఎక్కువ కష్టం, దానికి కారణం ఉంది. మన తాతలు, నాన్నలు అప్లికేషన్ వేసి పనిలో చేరినవాళ్లు కాదు. చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాడు వైపు నుంచి వచ్చినారు, మేస్త్రీ తీసుకుపోయి నిలబెట్టినాడు, మస్టర్లో పేరెక్కింది. రాసిన గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాసినాడు. ఆ తర్వాత అదే పేరు తమిళ స్కూల్లో ఒక రకంగా, కన్నడ రేషన్ కార్డులో ఒక రకంగా, ఇంగ్లీషు ఆధార్‌లో ఇంకో రకంగా దిగింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అందుకే మా అమ్మ గంగమ్మ ఒక కాయితంలో కంగమ్మ అయిపోయింది. మైన్లు ఉన్నన్ని రోజులు దానితో ఎవరికీ నొప్పి లేదు. 2001 ఫిబ్రవరి 28న మైన్లు మూతపడినాయి. ఆ రోజు నుంచి మన పిల్లలకి ఉన్న ఆస్తి సర్టిఫికెట్ ఒక్కటే. ఆ సర్టిఫికెట్లోనే పేరు తప్పుంటే ఎట్లా?

చవక చదువు దూరంలో ఉందా అంటే, లేదు. కోలారు దగ్గర టమకలో బెంగళూరు ఉత్తర యూనివర్సిటీ ఉంది. పాత బెంగళూరు యూనివర్సిటీని మూడు చేసినప్పుడు, 2017లో వచ్చింది. కేజీఎఫ్‌లోనే, బంగారుపేటలోనే గవర్నమెంట్ ఫస్ట్ గ్రేడ్ కాలేజీలున్నాయి. బంగారుపేటలో జోలార్‌పేట వైపు రైలెక్కితే కుప్పం. అక్కడ ద్రవిడ విశ్వవిద్యాలయం, 1997లో ఆంధ్ర ప్రభుత్వం పెట్టింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే చోట చదువుకునే యూనివర్సిటీ. మన ఇళ్లల్లో మాట్లాడే మూడు భాషలూ అవే కదా. ఇంకా దూరం పోగలిగే పిల్లలకి హైదరాబాదు, అనంతపురం, తిరువారూరు, కలబురగిలో సెంట్రల్ యూనివర్సిటీలు ఉన్నాయి.

కానీ ఒక్కోదానికి ఒక్కో దారి. మన రాష్ట్ర యూనివర్సిటీలకి యూయూసీఎంఎస్ అనే పోర్టల్. ఆంధ్ర స్టేట్ యూనివర్సిటీల పీజీ సీట్లకి 2021 నుంచి పీజీసెట్ అనే పరీక్ష. అక్కడ 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి, అది రాజ్యాంగంలో 371-డి కింద వచ్చిన ఏర్పాటు. మన పిల్లలు తెలుగువాళ్లయినా అక్కడ నాన్ లోకలే. మిగతా సీట్లకి కూడా ఎవరు అర్హులో రూలు చదువుకునే వెయ్యాలి. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి సీయూఈటీ పరీక్ష, 2022 నుంచి. దాన్ని 13 భాషల్లో రాయవచ్చు, అందులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఉన్నాయి. అయితే దాని అప్లికేషన్ పీయూసీ రిజల్ట్ రాకముందే మొదలై, రాకముందే ముగిసిపోతుంది. మన ఇళ్లల్లో "రిజల్ట్ రానీ, తర్వాత చూద్దాం" అంటాము. రిజల్ట్ వచ్చేసరికి ఆ గేటు మూసి ఉంటుంది.

ఇంకొకటి. కొందరు పిల్లల్ని పదో క్లాసుకి ముందే కుప్పం వైపు చుట్టాల ఇంట్లో పెట్టి చదివిస్తున్నారు. మంచిదే. కానీ తిరిగి కర్ణాటకలో సీఈటీ రాయాలంటే మామూలుగా ఇక్కడ కనీసం ఏడేళ్లు చదివి ఉండాలి, ఎస్‌ఎస్‌ఎల్‌సీ గానీ సెకండ్ పీయూసీ గానీ ఇక్కడే పాసై ఉండాలి. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న ఊరు మనది. లెక్క చూసుకోకుండా అటూ ఇటూ మార్చితే పిల్లోడు ఇక్కడా కాకుండా అక్కడా కాకుండా పోతాడు.

ఇప్పుడు నేను అడిగేది చెబుతాను. పురస్కారాలు వద్దని అనడం లేదు. పిల్లలకి చప్పట్లు కూడా కావాలి. కానీ ఆ డబ్బులో మూడో వంతు పక్కన పెట్టండి. మన సంఘం హాల్లో ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు ఒక టేబుల్ వేద్దాం. నేను కూర్చుంటాను. బ్యాంకులో, స్కూల్లో చేసి రిటైరైనవాళ్లు మనలో ఉన్నారు, వాళ్లలో ఇద్దరు రావాలి. కంప్యూటర్ తెలిసిన డిగ్రీ పిల్లోడు ఒకడు, వాడికి ఏదో కొంచెం ఇద్దాం. ఒక రిజిస్టర్ పెడదాం. పని మూడు రకాలు.

మొదటిది పేరు. తొమ్మిదో క్లాసులోనే ఆధార్, స్కూల్ రికార్డు, క్యాస్ట్ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షకి ముందు స్కూలు వాళ్లు బోర్డుకి పేర్లు పంపుతారు. అప్పుడు సరిచేసుకోవడం ఒక సంతకంతో పోతుంది. మార్క్స్ కార్డు అచ్చయినాక సరిచేయించడం చెప్పులరిగే పని.

రెండోది ఫోన్ నంబరు. అప్లికేషన్లో పిల్లది గానీ అమ్మానాన్నలది గానీ నంబరే ఉండాలి. సైబర్ సెంటర్ వాళ్లది వద్దు, నాది వద్దు, సంఘానిది కూడా వద్దు. పాస్‌వర్డు ఒక నోటుబుక్కులో రాసి ఇంట్లో పెట్టుకోవాలి. అలాట్‌మెంట్ ఒకరికి, మెసేజి ఇంకొకరికి పోతే ఏమవుతుందో మీకు చెప్పినాను.

మూడోది తేదీ. జనవరి నుంచి ఆగస్టు దాకా ఏ అప్లికేషన్ ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, ప్రతి ఆదివారం ఈ గ్రూపులోనే పెడదాం. గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య అది కూడా ఉండనీ. నాడకచేరిలో క్యాస్ట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోవాలి. వాటి మీద ఉండే ఆర్‌డీ నంబరు లేకుంటే స్కాలర్‌షిప్ అప్లికేషన్ ముందుకు పోదు. ఎస్సీ పిల్లలకి ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపలుంటే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. అది ఎవరి దానమూ కాదు, అడగాల్సిన హక్కు.

కమిటీలో ఒక తమ్ముడితో ఈ మాట అంటే, "ఇప్పటి పిల్లోళ్లకి ఫోన్లో అన్నీ తెలుసన్నా, మనం చెప్పేదేముంది" అన్నాడు. ఫోను తెలుసు, ఒప్పుకుంటాను. ఇనిషియల్ తేడాకి అఫిడవిట్ కావాలని ఫోను చెప్పదు. అది ఒకసారి దెబ్బ తిన్నవాడు చెప్పాలి. గవర్నమెంట్ యూనివర్సిటీలో అన్నీ బాగుంటాయని కూడా నేను అనడం లేదు. కానీ పోవాలా వద్దా అన్నది ఆ పిల్ల నిర్ణయించుకోవాలి. ఒక ఇనిషియల్ నిర్ణయించకూడదు.

ఇంకొకరు అడిగినారు, "మనది తెలుగు సంఘం కదా, పక్క లైన్ తమిళ పిల్లోళ్లు వస్తే ఏం చేస్తావు?" అని. దానికి నా సంగతి చెబుతాను. 1975లో నేను ఎస్‌ఎస్‌ఎల్‌సీ పాసైనాను. కాలేజీకి ఎట్లా అప్లికేషన్ వెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలీదు. టీసీ తీసుకోవడానికి పోయేసరికి కాలేజీ అడ్మిషన్లు ముగిసినాయి. అంతే, నా చదువు అక్కడ ఆగింది. అయిదారేళ్లు ఆ పనీ ఈ పనీ చేసినాను. రైల్వే సర్వీస్ కమిషన్ వాళ్లు క్లర్కులకి పిలిచినప్పుడు ఆ ఇంగ్లీషు ఫారం చూసి భయపడి మడిచి పెట్టేసినాను. మా వీధిలో ఒక తమిళ పెద్దాయన, ఆయనతో మాకు చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు, భాష ఒకటి కాదు. ఒక సాయంత్రం తన ఇంటి గడపలో కూర్చోబెట్టుకుని, నా పేరు స్పెల్లింగ్ మార్క్స్ బుక్కులో ఉన్నట్టే ఒక్కో అక్షరం చూసి నింపినాడు. పోస్టు కూడా తనే చేసినాడు. ఆ ఒక్క సాయంత్రం మీద నేను ముప్పై ఏడేళ్లు జీతం తీసుకున్నాను, ఇప్పుడు పెన్షన్ తింటున్నాను. ఆయన నన్ను నీ భాష ఏంది అని అడగలేదు. మన టేబుల్ దగ్గర కూడా ఎవరూ అడగకూడదు.

వచ్చే మీటింగులో ఈ విషయం పెడతాను. ఒప్పుకునేవాళ్లు కింద మీ పేరు రాయండి. ఒప్పుకోనివాళ్లు కారణం రాయండి, కోపం తెచ్చుకోను. సంఘం ఒప్పుకోకున్నా వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి మా ఇంటి అరుగు మీద నేను కూర్చుంటాను. మొదట ఆ అమ్మాయి తమ్ముడి కాయితాలు చూడాలి. వాడిప్పుడు తొమ్మిదో క్లాసు. మూడు కాయితాలూ తెమ్మని నిన్న సాయంత్రం వాళ్లింటికి పోయి చెప్పి వచ్చినాను.