ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు

నా చిన్నప్పుడు హోటళ్ళలో గల్లాపెట్టె వెనక గోడకి రెండు బోర్డులు వేలాడుతూ వుండేవి. ఒకటి ‘అప్పు రేపు’. రెండోది ‘ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు’. మొదటి బోర్డుని అందరూ పాటించేవారు, పాటించక తప్పేది కాదు కనుక. రెండోదాన్ని పాటించిన పుణ్యాత్ముణ్ణి నేనింతవరకూ చూడలేదు. సరిగ్గా ఆ బోర్డు కిందనే కూర్చుని, ఒక కాఫీని ఇద్దరు పంచుకుని, మంత్రివర్గాలని కూలదోసి, మళ్ళీ నిలబెట్టి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయేవారు పెద్దమనుషులు.

ఇప్పుడా బోర్డు ఎక్కడా కనబడదు. మా బెజవాడలో అలాంటి బోర్డు కట్టినవాడు హోటలు మూసుకోవలసిందే. 1921లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు తన జెండాని గాంధీగారికి చూపించింది ఈ ఊళ్ళోనే. రాజకీయం మాకు కృష్ణ నీళ్ళతోపాటు వస్తుంది. ఇక తిండి సంగతి సరేసరి. గాంధీనగరం బాబాయి హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ మొదలు సాయంత్రం బండి మీద వేడివేడి పునుగుల దాకా, ఏ పూటకా పూట మా ఊరివాళ్ళకి ఓ అభిప్రాయం వుంటుంది. ఈ తిండీ, ఆ రాజకీయమూ రెండూ హోటలు బల్ల దగ్గర కలుస్తాయి. ఆ బల్ల దగ్గర మనం వుండం. ఇదీ నా తగాదా.

మనం అంటే, చదువుతున్న మీరూ రాస్తున్న నేనూ.

మావారికి ఆదివారం పొద్దున్నే టిఫిను బయటే. ఇరవయ్యేళ్ళుగా ఇదే వరస. ఆరుగురో ఏడుగురో స్నేహితులు ఒక హోటల్లో, ఒకే మూల బల్ల దగ్గర కలుస్తారు. పది గంటలకి ఇంటికొచ్చి ఎవరికి టిక్కెట్టు వస్తుందో, ఎవరు ఏ పార్టీలోంచి ఏ పార్టీలోకి దూకుతారో నాకు చెబుతారు. నేను పెసరట్టు తిరగేస్తూ వింటాను. “ఏమండీ, మన వీధి కాలవ మాటేమన్నా వచ్చిందా?” అని అడిగితే, “అవన్నీ చిన్న విషయాలోయ్” అంటారు. వానాకాలంలో ఆ చిన్న విషయం మా గుమ్మం దాకా వచ్చి పలకరిస్తుంది. అప్పుడు దాన్ని చీపురుతో తోసేది నేను.

ఒక ఆదివారం నాకూ బుద్ధి పుట్టింది. “నేనూ వస్తానండీ” అన్నాను. ఆయన కాదనలేదు, ఔననీ అనలేదు. వెళ్ళి ఆ మూల బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నానో లేదో, సర్వరు పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, ఫ్యామిలీస్ పైనండీ. ఏసీ వుంటుంది” అన్నాడు, పాపం ఎంతో మర్యాదగా. ఇక్కడే కూర్చుంటానన్నాను. అంతే, అప్పటిదాకా అసెంబ్లీలో వున్న సంభాషణ గబుక్కున మా అమ్మాయి పెళ్ళి సంబంధాల్లోకి, అక్కణ్ణించి ఒంట్లో షుగరులోకి దిగిపోయింది. ఒకాయన “చెల్లెమ్మా, ఆవకాయ పెట్టారా ఈ ఏడు?” అనడిగాడు.

బోర్డు గోడ మీంచి తీసేశారనుకున్నాను. తీసి నా మొహాన తగిలించారు.

హోటలంటే కేవలం తిండి దొరికే చోటని మీరనుకుంటే పొరపాటు. ఒకప్పుడు ఊరూరా ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ అని బోర్డులుండేవి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో, ఎవరు గ్లాసు కడగాలో హోటలే తేల్చేది. తరవాత మనకోసం ‘ఫ్యామిలీ రూములు’ వచ్చాయి. ఆకుపచ్చ కర్టెను వెనక, గోడకేసి చూస్తూ దోసె తినేసి రావడం నాకింకా గుర్తుంది. కర్టెను పోయి ఏసీ వచ్చింది. చల్లగా వుంటుంది, కాదనను. ఊరి సంగతులు మాత్రం అక్కడ వినబడవు.

“వినబడకపోతే కొంపేం మునిగిందమ్మా, టీవీ వుందిగా” అంటారేమో. కొంప ఎలా మునిగిందో చెబుతాను వినండి.

2018 జూలై 11న మా ఊళ్ళో విద్యాధరపురంలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారు అన్న క్యాంటీన్ తెరిచారు. మొదటి విడతలో రాష్ట్రమంతటా అరవై. పూటకి ఐదు రూపాయలు. మా ఇంటికి కాస్త దూరంలోనూ ఒకటి వచ్చింది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తెల్లవారుజామున లేచి, తన ఇంట్లో వంట చేసి పెట్టి, నాలుగిళ్ళు తిరిగేసరికి రెండవుతుంది. అప్పటిదాకా ఆమె కడుపులో టీ తప్ప మరేమీ వుండదన్న సంగతి, మూడేళ్ళుగా నా గిన్నెలు తోముతున్నా నాకు తెలియదు. ఆ క్యాంటీన్ వచ్చాక ఒకరోజు తనే చెప్పింది. “అన్నం, కూర, సాంబారు, పచ్చడి, పెరుగమ్మగారూ. మొదటి రోజు మగాళ్ళ మధ్య నిలబడి తినడానికి సిగ్గేసింది. కానీ ఒకళ్ళు వడ్డిస్తే తినడం నాకు పెళ్ళిళ్ళలోనే. ఇప్పుడు రోజూ” అంది.

ఆ మాట విని నేనేం మాట్లాడలేకపోయాను. మీ ఇంట్లో మీకు చివరిసారి ఒకరు వడ్డించింది ఎప్పుడో గుర్తుచేసుకోండి, ఎందుకో తెలుస్తుంది.

2019లో ప్రభుత్వం మారింది. ఆగస్టు వచ్చేసరికి క్యాంటీన్లు మూతపడ్డాయి. కట్టడాలు కొన్ని వేరే పనులకి వెళ్ళాయి, కొన్ని ఊరికే పాడుపడ్డాయి. మావారి బల్ల దగ్గర ఆ ఆదివారం దాని మీద పెద్ద చర్చే జరిగిందట. “వాళ్ళ పార్టీ పేరుతో, వాళ్ళ రంగుతో వుంటే వీళ్ళెందుకు నడుపుతారు?” అని కొందరు. “ఇలా తేరగా పెడితే జనం సోమరిపోతులవుతారు” అని మరికొందరు. ఈ రెండోమాట అన్నాయన వెన్న ఇడ్లీ మీద నేతి కారప్పొడి అదనంగా వేయించుకుని తింటూ అన్నాడని మావారే చెప్పారు.

ఆ బల్ల దగ్గర ఒక్క ఆడది కూర్చుని వుంటే ఏమని వుండేదో నాకు తెలుసు. “అయ్యా, రోజుకి నాలుగిళ్ళలో గిన్నెలు తోమే మనిషి ఐదు రూపాయలిచ్చి అన్నం తింటే సోమరి అవుతుందా? ఇరవయ్యేళ్ళుగా కంచం తీయని మీరేమవుతారు?” అని వుండేది. కానీ లేదు. నేను ఇంట్లో పెసరట్టు తిరగేస్తున్నాను. క్యాంటీను మూశారని ఆ అమ్మాయి చెప్పినప్పుడు నేను చేసిందల్లా రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి, ఆవకాయ ముక్క వేసివ్వడం. ఎంతో దయగలదాన్నని ఆ రోజంతా సంతోషపడ్డాను కూడా. ఐదేళ్ళపాటు నేను దాని గురించి ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

2024 ఆగస్టులో ప్రభుత్వం మళ్ళీ మారాక క్యాంటీన్లు మళ్ళీ తెరుచుకున్నాయి. సంతోషమే. కానీ నా భయం నాకుంది. ఒక ఎన్నికతో తెరిచింది ఇంకో ఎన్నికతో మూతపడదని హామీ ఏమిటి?

పక్క రాష్ట్రంలో చూడండి. 2013లో జయలలితగారి ప్రభుత్వం చెన్నైలో అమ్మ క్యాంటీన్లు పెట్టింది, రూపాయికి ఇడ్లీ. 2021లో ఆవిడ ప్రత్యర్థి పార్టీ గెలిచిన కొత్తలో ఆ పార్టీవాళ్ళే కొందరు ఒక క్యాంటీను మీద పడి బోర్డులు పీకేశారు. స్టాలిన్‌గారు వాళ్ళ మీద చర్య తీసుకోమని, ఆ బోర్డులు మళ్ళీ కట్టించమని చెప్పారు. క్యాంటీన్లు అమ్మ పేరుతోనే కొనసాగాయి. అక్కడివాళ్ళు మనకంటే మంచివాళ్ళని కాదు నేననేది. అంత మాత్రం పెద్దరికం రాజకీయాల్లో వీలవుతుందని.

మనకీ తెలియంది కాదు. 1983లో ఎన్టీ రామారావుగారు కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చారు. మధ్యలో ఆ ధర పెరిగింది. 2008లో దాన్ని మళ్ళీ రెండు రూపాయలకి తెచ్చింది వై.యస్. రాజశేఖరరెడ్డిగారు. పార్టీ వేరు, బియ్యం అవే. బడిపిల్లల మధ్యాహ్న భోజనం చూడండి. 2020లో అది ‘జగనన్న గోరుముద్ద’, 2024లో ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’. పేరు మారింది గానీ పిల్లల కంచం మాత్రం ఎవరూ లాగెయ్యలేదు. ఎందుకని? 2001లో సుప్రీంకోర్టు వండిన అన్నం పెట్టి తీరాలంది, 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. అందుకని. క్యాంటీనుకి అలాంటి అండ లేదు. తెరిచినవారి దయ, మూసినవారి కోపం, ఈ రెంటి మధ్యా నలిగింది.

తెరిచినవారిని మాత్రం నేను వదిలిపెడతానా? ప్రజల డబ్బుతో అన్నం పెడుతూ గోడలకి పార్టీ రంగు పులమడమేమిటి? పంచాయతీ కట్టడాలకి పార్టీ రంగులు తీసెయ్యమని 2020లో మన హైకోర్టు చెబితే, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అక్కడా అదే మాట అనిపించుకుంది. అది వేరే పార్టీ, వేరే రంగు. జబ్బు మాత్రం ఒక్కటే. డొక్కా సీతమ్మగారు గోదావరి లంకల్లో వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టారు. ఏ రంగు గోడ ముందు పెట్టారట ఆవిడ?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. మా వీధి ఆడవాళ్ళం వంతులవారీగా పులిహోర కలిపి పొట్లాలు కట్టాం. ఆ పొట్లం ఏ పార్టీవాడు తింటాడని మేమూ అనుకోలేదు, ఏ పార్టీవాళ్ళు కట్టారని నీళ్ళలో నిలబడ్డవాళ్ళూ అడగలేదు. వరదనాటి ఆకలికి పార్టీ లేనప్పుడు, మామూలు మంగళవారం నాటి ఆకలికి ఎందుకుండాలండీ?

ఇది మగవాళ్ళ తప్పని చెప్పి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మనవి. 2021లో మా కార్పొరేషన్ ఎన్నికలయ్యాక మేయరు కుర్చీలో కూర్చున్నదీ స్త్రీయే. కుర్చీలున్నాయి. కానీ ఎన్నో ఊళ్ళలో సభ్యురాలు ఆవిడ, ఫోనెత్తేది ఆయన. ఎందుకంటే ఊరి సంగతి తేలేది సభలో కాదు, సభకి ముందు రోజు హోటలు బల్ల దగ్గర. అక్కడికి మనం వెళ్ళం. పెద్దింటి ఆడవాళ్ళు మగవాళ్ళ మధ్య కూర్చుని కాఫీ తాగుతారా అని మన అత్తగార్లు అన్నారు. వాళ్ళు పోయినా ఆ మాట మనమే మోస్తున్నాం. మా పనిమనిషి తన సిగ్గుని మొదటి రోజే వదిలేసింది. నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. క్యాంటీనుకి బడి భోజనంలాగా చట్టం వుండాలి. గోడకి రంగు ఏదైనా పార్టీది మాత్రం కాకూడదు. పేరు వాళ్ళిష్టం, పెట్టుకోనివ్వండి, తాళం మాత్రం ఎవరి చేతా వెయ్యనివ్వకండి. ఈసారి ఎన్నికల్లో బొట్టు పెట్టి చేతులు జోడించినవాళ్ళని, ఏ పార్టీవాళ్ళైనా సరే, గుమ్మంలోనే నిలబెట్టి ఈ మాట అడగండి. జవాబు చెప్పాకే మంచినీళ్ళివ్వండి.

మొన్న ఆదివారం పక్కింటి పిన్నిగారినీ, ఎదురింటి వదినగారినీ వెంటబెట్టుకుని ఆ హోటలుకే మళ్ళీ వెళ్ళాను. కింద హాల్లో, మావారి బల్ల పక్క బల్ల దగ్గరే కూర్చున్నాం. ఆ సర్వరే వచ్చాడు. “అమ్మా, ఫ్యామిలీస్ పైనండీ...” అన్నాడు.

“మేం ఫ్యామిలీ కాదు నాయనా, ఓటర్లం. మూడు ప్లేట్లు ఇడ్లీ పట్రా” అంది పిన్నిగారు.

పక్క బల్ల కాసేపు నిశ్శబ్దమైపోయింది. తరవాత మావారు గొంతు సవరించుకుని, “అన్నట్టు మా వీధి కాలవ సంగతి...” అని మొదలుపెట్టారు.