జాబితాలో పేరు

2011 మే 22, ఆదివారం సాయంత్రం అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో జాప్లిన్ అనే పట్టణాన్ని ఒక టోర్నడో చీల్చుకుంటూ పోయింది. గంటకు 200 మైళ్లకు మించిన వేగంతో, సుమారు మైలు వెడల్పున సాగిన ఆ సుడిగాలి యాభై వేల జనాభా గల ఊరిలో దాదాపు మూడో వంతును నేలమట్టం చేసింది. 161 మంది మరణించారు. క్షతగాత్రులను చేర్చుకోవలసిన పెద్దాసుపత్రే చితికిపోయింది. ఎక్కడో, ఎప్పుడో జరిగిన ఈ ఉత్పాతాన్ని ఇప్పుడు తలచుకోవడం ఎందుకని పాఠకులు అడగవచ్చు. విపత్తు వేళ స్థానిక పాలన సామర్థ్యం ఎంత, దాని చూపు ఎవరి దాకా ఆనుతుంది అనే ప్రశ్నకు జాప్లిన్ ఇచ్చిన సమాధానం మనకూ పనికివస్తుందని మా విశ్వాసం.

మొదటి పరీక్ష జాబితా రూపంలోనే వచ్చింది. నాలుగో రోజున రాష్ట్ర అధికారులు ఆచూకీ తెలియని 232 మంది పేర్లు ప్రకటించారు. వారిలో ప్రాణాలతో ఉన్నవారూ ఉన్నారు, అప్పటికే శవాగారానికి చేరినవారూ ఉన్నారు. గుర్తింపులో పొరపాటు జరగరాదని శాస్త్రీయ పరీక్షలు ముగిసేదాకా దేహాలను అప్పగించలేదు. కుటుంబాలు ఆగ్రహించాయి. ఆ ఆగ్రహం న్యాయమైనదే, అధికారుల జాగ్రత్తా అర్థం చేసుకోదగినదే.

ఆ తరువాతి పనుల్లో మెచ్చుకోదగినవి చాలా ఉన్నాయి. శిథిలాల తొలగింపు చాలావరకు ఆగస్టు మొదటి వారానికల్లా ముగిసింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో నగర పాలన లెక్క రాయించింది. సహాయ వ్యయంలో స్థానికంగా భరించవలసిన వాటా కింద ఆ శ్రమ విలువను చూపించింది. ఖజానా ఖాళీగా ఉన్న పురపాలక సంఘాలు నేర్చుకోవలసిన మెళకువ ఇది. పాఠశాలల అధిపతి సి.జె. హఫ్ ఇచ్చిన మాట ప్రకారం, 87 రోజులకు, ఆగస్టు 17న బడులు తెరుచుకున్నాయి. ఉన్నత పాఠశాల పై తరగతులు షాపింగ్ మాల్‌లో ఖాళీగా ఉన్న ఒక పెద్ద దుకాణంలో నడిచాయి. ఊరు ఎలా ఉండాలో ప్రజలనే అడిగేందుకు ఒక పౌర సలహా బృందం ఏర్పడింది. కొత్త ఇళ్ల పైకప్పులను గోడలకూ, గోడలను పునాదికీ గట్టిగా బిగించాలని నిర్మాణ నిబంధనలు సవరించారు. అయితే ఇంటింటా రక్షణ గది తప్పనిసరి చేసేందుకు మాత్రం పాలకమండలి ముందుకు రాలేదు.

తప్పటడుగులూ పడ్డాయి. ఊరి పునర్నిర్మాణ బాధ్యతను టెక్సాస్‌కు చెందిన ఒక సంస్థకు అప్పగించారు. కోట్లాది డాలర్ల ప్రణాళికలు కాగితాల మీద మెరిశాయి. 2015 జనవరిలో ఆ సంస్థ చేతులెత్తేసింది. ప్రజల నుంచి వినవలసినదంతా విని, నిర్ణయాన్ని మాత్రం గుత్తేదారు చేతిలో పెట్టే అలవాటు మన నగరాలకూ కొత్త కాదు.

అంతకన్నా లోతైన లోపం అద్దె ఇళ్ల విషయంలో కనిపించింది. బీమా ఉన్న సొంత ఇంటివారు తిరిగి కట్టుకున్నారు. కూలిన అద్దె ఇంటి యజమానికి బీమా సొమ్ము వచ్చింది, అందులో ఉన్న కుటుంబానికి మిగిలింది వీధి. మిగిలిన ఇళ్లకు అద్దెలు పెరిగాయి. వందలాది కుటుంబాలు ప్రభుత్వ తాత్కాలిక గృహాల్లో గడిపాయి. తరువాత కేంద్రం నుంచి దాదాపు 158 మిలియన్ డాలర్ల పునరావాస నిధులు వచ్చాయి. అందులో ఇల్లు కొనేవారికి సాయపడే పథకమూ ఉంది. బ్యాంకు రుణం పుట్టగలవారికే అది అందుబాటు అన్నది వేరే చెప్పనక్కరలేదు.

మా పత్రిక విస్మరించలేని విషయం మరొకటుంది. సర్వం కోల్పోయిన ఆ ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు, కొత్త ఆసుపత్రిలో నవజాత శిశువుల చికిత్సా విభాగానికి 5 మిలియన్ డాలర్లు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమకూర్చింది. ఊరిలోని కొద్దిపాటి ముస్లిం కుటుంబాల్లో స్థానిక ఆసుపత్రుల వైద్యులు ఉన్నారు. టోర్నడో వచ్చిన మరుసటి ఏడాది, 2012 జులై 4న, అక్కడి మస్జిద్ పైకప్పుకు ఒకడు నిప్పు పెట్టాడు. ఆ దృశ్యం కెమెరాలో నమోదైంది. దుండగుడు దొరకలేదు. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, రమజాన్ మాసంలో, మస్జిద్ పూర్తిగా కాలిపోయింది. నిందితుడు నేరం ఒప్పుకొనేసరికి 2016 వచ్చింది. మస్జిద్ పునర్నిర్మాణానికి కొద్ది రోజుల్లోనే భారీగా విరాళాలు అందాయి, ఊరి క్రైస్తవులు ఎందరో తోడు నిలిచారు. వారికి మా అభివందనం. కానీ తొలి హెచ్చరికకూ చివరి మంటకూ నడుమ ఉన్న నెల రోజుల్లో ఆ ప్రార్థనాస్థలాన్ని కాపాడవలసిన బాధ్యత పొరుగువారి మంచితనానిది కాదు, పాలనది.

ఇక మన సంగతి. మన తీరాన్ని తాకేవి టోర్నడోలు కావు, తుఫానులూ వరదలూ. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ప్రభుత్వం నేల అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తుకు 10,000 రూపాయల చొప్పున ప్రకటించింది. తమ పేరు లెక్కలోకి రాలేదంటూ జనం దరఖాస్తులు పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగారు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 61వ సెక్షన్ పరిహారంలో, సహాయంలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం ప్రాతిపదికన వివక్ష కూడదని శాసిస్తోంది. మంచి మాట. అయితే అమెరికా విపత్తు సహాయ చట్టంలోని అటువంటి నిబంధన వయస్సును, వైకల్యాన్ని, భాషను, ఆర్థిక స్థితిని కూడా పేర్కొంటుంది. ఆ అక్షరాలు జాప్లిన్ అద్దెదారులను ఆదుకోలేదన్నది నిజమే. కానీ నిలదీయడానికి ఒక ఆధారం ఉండటం వేరు, అదీ లేకపోవడం వేరు. ముస్లింలు సగటు కన్నా ఎక్కువగా పట్టణవాసులని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. ఇరుకు సందుల్లో, అద్దె గదుల్లో, పట్టా లేని స్థలాల్లో బతికేవారికి మతం పేరిట ఎవరూ సాయం నిరాకరించనక్కరలేదు. ఇంటి కాగితం అడిగితే చాలు.

2025లో సవరించిన చట్టం రాష్ట్ర రాజధానుల్లో, నగరపాలక సంస్థలున్న నగరాల్లో పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలకు వీలు కల్పించింది. అధ్యక్షుడు మునిసిపల్ కమిషనర్, ఉపాధ్యక్షుడు జిల్లా కలెక్టర్. మిగిలిన సభ్యులెవరన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాలి. వారిలో ఎన్నికైన కార్పొరేటర్లు, అద్దెదారుల తరఫువారు ఉండాలని మేము కోరుతున్నాము. నివాసితుల జాబితాను నీరు రాకముందే, యాజమాన్యంతో నిమిత్తం లేకుండా తయారు చేసి, ప్రతి వార్డులోనూ ప్రదర్శించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉర్దూ రెండో అధికార భాష కనుక ఆ జాబితా ఉర్దూలోనూ ఉండాలి. మీ నగరంలో ఆ సంస్థ ఏర్పడిందా, సభ్యులెవరు అని సమాచార హక్కు చట్టం కింద పాఠకులు దరఖాస్తు చేయవచ్చు. వచ్చిన జవాబులను మాకు పంపితే ప్రచురిస్తాము.