చెప్పకుండా అమ్మింది వాళ్లు, సిగ్గుపడేది మనమా?



తిరుపతిలో మా హాస్టల్‌లో ఉండే మావాడొకడు పోయిన నెల ఫోన్‌లో బూట్లు బుక్ చేసినాడు. 799 రూపాయలు. వాళ్లమ్మ దామలచెరువు మామిడి మండీలో కూలి చేసి పంపిన దుడ్లు. ఫొటో కింద తోలు అని ఉండె, వచ్చింది రెగ్జిన్. వాపసు ఇస్తామంటే 'ఈ వస్తువుకు రిటర్న్ లేదు' అని చూపించింది. ఆ మాట దుడ్లు కట్టేముందు ఎక్కడా కనపడలేదు. అమ్మినోడి అడ్రసూ లేదు. మేమందరం వాణ్నే తిట్టినాం: "సరిగ్గా చదవకుండా ఎందుకు నొక్కినావురా?" వాడు తల వంచుకున్నాడు.

తప్పు మాదే. చట్టం చదివినాక తెలిసింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చినాయి. అమ్మేవాడి పేరు, అడ్రసు, రిటర్న్, రీఫండ్ షరతులు కొనేవాళ్లకు స్పష్టంగా కనపడేట్టు పెట్టాల్సిన బాధ్యత కంపెనీదే. చూపించినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అంటే చెప్పకపోవడమే నేరుగా వాళ్ల తప్పు. మన చదువు తక్కువ కావడం కాదు.

మరి ఏం చేయాలి? స్క్రీన్‌షాట్లు, బిల్లు దాచుకోండి. ముందు ఆ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వేయాలి. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. అమ్మినోడు ఢిల్లీలో ఉన్నా సరే, మనం ఉండే చోటే కేసు వేయొచ్చు.

ఇంకొకటి, మనోళ్లలో చాలామందికి తెలియనిది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి.

"799 కోసం ఇంత తంటా ఎందుకు?" అంటారు కొందరు. ఒక దినం కూలి కంటే ఎక్కువ అది. పైగా మనం సిగ్గుపడి ఊరుకుంటామనే ధైర్యంతోనే వాళ్లు అట్లా అమ్ముతున్నారు.

మా అభిప్రాయం ఇంకొకటుంది. షరతులన్నీ ఇంగ్లీషులో పెట్టి 'చెప్పినాం' అంటే ఎట్లా? మన యానాది, ఎరుకల, సుగాలి ఇళ్లల్లో అమ్మానాయనలూ ఫోన్‌లో కొంటున్నారు. తెలుగులో అమ్మేవాడు షరతులు కూడా తెలుగులోనే చెప్పాలి. ఇది మనం గట్టిగా అడగాల్సిన మాట.

మావాడు మొన్న 1915కి ఫోన్ చేసినాడు, ఫిర్యాదు నంబరు వచ్చింది. మీలో ఎవరికైనా ఇట్లా జరిగుంటే కింద రాయండి. ఆదివారం హాస్టల్‌లో కూర్చుని ఫిర్యాదులు రాయడానికి మేము సాయం చేస్తాం.