లాస్ట్ ఇయర్ వాయించిందే పెట్టమంటున్నారా?

"మేడం, లాస్ట్ ఇయర్ వాయించిందే పెట్టండి. అదైతే పాపకి బాగా వచ్చు."

యాన్యువల్ డేకి పేర్లు తీసుకునేటప్పుడు ఇలాంటి ఫోన్లు నాలుగైదైనా వస్తాయి. నేను మ్యూజిక్ టీచర్‌ని కాదు, చెప్పేది ఇంగ్లిష్. కల్చరల్ ప్రోగ్రామ్స్ కూడా చూస్తున్నాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పైన మాట అన్నది ఏడో తరగతి పాప వాళ్ల అమ్మగారు. (ఆవిడని అడిగే రాస్తున్నాను.) పాప నాలుగో తరగతి నుంచి కీబోర్డ్ మీద ఒకటే పాట వాయిస్తోంది. తడబాటు ఉండదు, చప్పట్లు ఖాయం. ఈసారి ఆ పాట వద్దని, రెండో తరగతి పిల్లలు పాడుతుంటే తోడుగా వాయించమన్నాను. మొదటి రోజు పాప చేతులు ఆడలేదు. నేర్చుకున్నదంతా తెల్ల మెట్ల మీద, సి స్కేల్‌లో. ఆ బుడతలు ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో వాళ్లకే తెలియదు. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ ఎంత జరపాలో చెవి చెప్పాలి. ఆ చెవికి ఇన్నేళ్లుగా పని పడలేదు.

నాకిది కొత్త కాదు. ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. స్కూల్ నుంచి డిగ్రీ దాకా ప్రతి పోటీలో ఒకే కీర్తన పాడాను. ప్రైజులుగా వచ్చిన స్టీలు గిన్నెల్లో మా అమ్మ ఇప్పటికీ పప్పులు పోస్తుంది. బీఎడ్ చదివేటప్పుడు ధనుర్మాసంలో మా వీధి రామాలయంలో భజనకి పిలిచారు. నాది ఐదు శ్రుతి. హార్మోనియం తాతగారు తన గొంతుకి తగ్గట్టు ఒకటిన్నరలో పట్టుకున్నారు. పల్లవి కూడా దాటలేకపోయాను. పక్కన మామ్మగార్లు తాళాలు వాయిస్తూ హాయిగా పాడేస్తున్నారు. సిగ్గుతో మర్నాడు మానేద్దామనుకున్నాను. మా నాన్న ఊరుకోలేదు. నెలాఖరుకి కాస్త కుదిరింది. పక్కవాళ్ల గొంతు వింటూ పాడటం ఆ నెలలోనే వచ్చింది. పోటీల్లో దాని అవసరమే రాలేదు.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ సంగతి చాలామందికి తెలుసు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదన్నది మాత్రం కొందరికే తెలుసు. గురువు పాడేవారు, శిష్యుడు విని తీగల మీద వెతుక్కునేవాడు. మాండొలిన్‌లో మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు, గమకాలు పలికించడం కష్టం. అందుకే జంట తీగలు వదిలి ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లవాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి'లోనూ వాయించారు. మీ అబ్బాయీ అంతవాడు కావాలని దీన్ని చెప్పడం లేదు. అలాంటి పోలికలు పిల్లలు మా దగ్గరా మీ దగ్గరా రోజూ వింటూనే ఉన్నారు. నేను చూడమంటున్నది ఆ గురువుగారిని. తనకి రాని వాద్యం అని ఆయన శిష్యుణ్ణి వద్దనలేదు.

వాయించిందే వాయించడం తప్పని కూడా అనను. మాయామాళవగౌళలో సరళీ వరసలు రోజూ అవే. కానీ ఒకటో కాలంలో కుదిరాక టీచర్ రెండో కాలం అంటారు, తర్వాత మూడో కాలం. పాట అదే అయినా పిల్లకి రోజూ ఏదో ఒకచోట కష్టం తగులుతుంది. మా పాప పాటలో అది మూడేళ్ల క్రితమే ఆగిపోయింది. భయపడే పిల్లని బలవంతంగా స్టేజి ఎక్కించడం వేరే సంగతి, అది నేనూ చేయను.

"తప్పులు వినడానికా మేడం ఫీజు కట్టేది?" అని ఒక నాన్నగారు పేరెంట్స్ మీటింగ్‌లో నవ్వుతూ అడిగారు. కొంతవరకు అందుకే సార్. ఇక్కడ తప్పు పోతే మార్కులు పోవు, ర్యాంకు పోదు. పెద్దయ్యాక ఇంత చవకగా తప్పులు చేసే చోటు ఎక్కడుంది?

యాన్యువల్ డేకి ఇంకా రెండు వారాలుంది. ఇప్పుడు పాప ముందు పిల్లల్ని ఒక లైన్ పాడమంటుంది, ఒక వేలితో మెట్లు తడుముతుంది, దొరకగానే వాళ్లకేసి చూసి తలూపుతుంది. రెండో చరణంలో ఇంకా తప్పుతోంది, ఆ రోజు స్టేజి మీదా తప్పచ్చు. ఆ కాసేపు ఫోన్లు కింద పెట్టి వింటే బాగుంటుంది, వీడియో తీస్తున్నారంటే పాప ఇంకా బిగుసుకుపోతుంది.

వాళ్ల అమ్మగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఎందుకైనా మంచిదని పాత పాట కూడా లిస్టులో ఉంచమన్నారు. ఉంచలేదు.