ఆ దుమ్ములో మీ వాటా ఎంత?

అబూధాబీ ముసఫ్ఫా పారిశ్రామికవాడ పక్కన ఇసుకలోంచి లేచింది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ. ఇలాంటి ఊళ్లకు గ్రానైట్, టైల్స్, కాంక్రీటు కోసిన చేతుల్లో జగిత్యాల, సిరిసిల్ల, కడప చేతులున్నాయి.

గ్రైండర్ చక్రం రాయిని తాకగానే దుమ్ము తెల్లటి పొగలా లేస్తుంది. రెప్పల మీద పేరుకున్నది కడిగితే పోతుంది. ఆ దుమ్ములో కంటికి కనబడని సిలికా మాత్రం ఊపిరితిత్తుల అడుక్కి దిగి అక్కడే మచ్చ కడుతుంది. ఆ జబ్బే సిలికోసిస్. కోసేచోట నీళ్ల పైపు పెడితే చాలావరకు ఆగేది. ఆ పైపు కూడా పెట్టరు! ఆయాసం తెలిసేసరికి పదేళ్లో ఇరవయ్యేళ్లో గడుస్తాయి. అప్పటికి మనిషి రెండు మూడు కంపెనీలు మారి, వీసా క్యాన్సిలై ఇల్లు చేరి ఉంటాడు.

అప్పుడు ఒకడు ‘మా దగ్గర రెండేళ్లే చేశాడు’ అంటాడు. సప్లై కంపెనీ వాడు ‘సైటు మాది కాదు’ అంటాడు. ఇంకొకడు ‘వచ్చేటప్పటికే జబ్బుందేమో’ అంటాడు. తలా కొంచెం దుమ్ము పోసినవాళ్లంతా చేతులు దులుపుకుంటే ఆ ప్రాణానికి జవాబు ఎవరు చెప్పాలి?

‘మా వాటా కొంచెమే’ అన్న వాదన 1956లోనే ఓడిపోయింది. బానింగ్టన్ కాస్టింగ్స్ కేసులో ఫౌండ్రీ కార్మికుడు పీల్చిన దుమ్ములో ఎక్కువ భాగం యజమాని ఆపలేనిదే. యజమాని తప్పు వల్ల వచ్చింది తక్కువ. అది లెక్కకు రానంత అల్పం కాదు కాబట్టి యజమానిదే బాధ్యత అని బ్రిటన్ లార్డుల సభ తేల్చింది. పలువురు యజమానుల కింద చేసినవాడికి సిలికోసిస్ వస్తే అందరూ చెల్లించాలని మన పాత ఉద్యోగుల పరిహార చట్టంలోనూ రాశారు. వృత్తివ్యాధితో చనిపోతే 18,000 నుంచి 2,00,000 దిర్హాములని ఎమిరేట్స్ 2021 కార్మిక చట్టం చెబుతోంది.

రుజువు ఏదంటారా? వీసాకు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, రెన్యువల్‌కూ తీస్తారు. మచ్చ కనబడితే పంపెయ్యడానికి పనికొచ్చిన ఎక్స్‌రే పరిహారం ఇవ్వడానికి ఎందుకు పనికిరాదు?

ఇక్కడ మన డాక్టర్లలో ఎందరో ఆ మచ్చను చూసి టీబీ మందులు రాస్తారు. ఏం పని చేశావని అడగరు. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ప్రమాదానికి. తెలంగాణ ఇచ్చే 5 లక్షలు గల్ఫ్‌లో చనిపోతే. మంచంలో కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడేవాడి గోడు ఎవరికీ పట్టలేదు.

అబూధాబీలోని మన ఎంబసీని, రెండు తెలుగు ప్రభుత్వాలను అడుగుతున్నాం: వీసా క్యాన్సిల్ చేసే ముందే చేసిన పని, ఏళ్లు రాసిన కాగితం, ఎక్స్‌రే కాపీ కార్మికుడి చేతికి ఇప్పించండి. గల్ఫ్ నుంచి వచ్చి దగ్గుతున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే పాత పాస్‌పోర్టు, లేబర్ కార్డు పారేయకండి. గ్రైండర్ పట్టిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.