సిరిమాను చూడడానికి తోపులాట దేనికి?

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆనాటికి వూళ్లో ప్రతి యిల్లూ చుట్టాలతో నిండిపోతుంది. చీపురుపల్లి, గజపతినగరం, బొబ్బిలి, సాలూరు వైపుల నుంచే కాక శ్రీకాకుళం, విశాఖ నుంచీ, ఒడిశా నుంచీ జనం వస్తారు. అంతమందీ చూడవచ్చేది ఒక్క మానును. అది సాగేది ఒక్క వీధిలో. చిక్కంతా అక్కడే వుంది.

ఆ చిక్కుకు విరుగుడు కూడా ఉత్సవంలోనే వున్నదని చాలామంది గమనించరు. మూడు లాంతర్ల దగ్గరున్న చదురుగుడి నుంచి కోట వరకు సిరిమాను వెళ్లి వచ్చేది ఒక్కసారి కాదు, మూడుసార్లు. దారిలో ఎక్కడ నిలబడినవారి ముందు నుంచైనా వెళ్లేటప్పుడు మూడుమార్లు, వచ్చేటప్పుడు మూడుమార్లు సాగుతుంది. యాభై అడుగులకు మించిన చింతమాను అది. దాని కొసన ఆసనం మీద కూర్చున్న పూజారి అందరి తలలకూ పైన, ఎంతో ఎత్తున కనబడతారు. అటువంటప్పుడు వెనుక వరుసలోని ముసలమ్మకైనా దర్శనానికి లోటు లేదు. మాను కిందికి దూసుకుపోయినవారికే మెడ నొప్పి తప్ప దక్కేది తక్కువ. నాలుగు బారలు వెనుక నిలిచినవారు మానును మొదలు నుంచి కొస దాకా చూస్తారు.

అయినా తోపులాట ఆగడం లేదు. తోపులాట ఎంత దూరం పోగలదో తెలియని రోజులు కావివి. 2015 జులై 14న రాజమండ్రి పుష్కరాల మొదటి రోజే పాతికమందికి పైగా చనిపోయారు. 2025 నవంబరు 1న పొరుగు జిల్లాలోనే, కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. ఇటువంటి చోట్ల చాలామంది ప్రాణం పోయేది కాళ్ల కింద నలిగి మాత్రమే కాదు, నిలబడిన చోటనే వూపిరాడక. భక్తితో బయలుదేరినవారు శవాలై యిల్లు చేరడం కంటె ఘోరం లేదు. సంబరం సంబరంగా ముగియాలంటే వచ్చేవారు కొన్ని జాగ్రత్తలు పాటించక తప్పదు.

మొదటిది, పెందలకడ రావడం. ఆ రోజు బస్సులను, కార్లను వూరి మొగలోనే ఆపుతారు. అక్కడి నుంచి నడక తప్పదు. ముసలివాళ్లు, చంటిబిడ్డలు వెంట వున్నవారు యిది ముందుగా లెక్కవేసుకోవాలి. సిరిమాను కదిలేది మధ్యాహ్నం దాటిన తరువాతనే. అనుకున్న వేళకు కదలకపోవడం కూడా కొత్తేమీ కాదు. కనుక ఉదయమే పొట్ట నింపుకొని, మంచినీళ్ల సీసా, కాస్త అటుకులో అరటిపండో సంచిలో పెట్టుకొని రావడం మేలు. ఆశ్వయుజపు ఎండ చురుక్కుమంటుంది, లేదా వాన పట్టుకుంటుంది. గొడుగు తెరిస్తే వెనుకవారికి అడ్డం, పక్కవారి కళ్లకు ప్రమాదం. తలకు తువ్వాలు చుట్టుకుంటే సరిపోతుంది.

రెండవది, నిలబడే చోటు. మానును మళ్లించే రెండు చివరలా నిలబడకూడదు. అంత పొడవైన మాను తిరగాలంటే స్థలం కావాలి, ఆ స్థలం కోసం జనాన్ని వెనక్కి నెడతారు. నెట్టుడంతా వెనుకనున్న పిల్లల మీద పడుతుంది. దారి మధ్యలో, పక్కసందు ఏదైనా దగ్గరగా వున్న చోటు చూసుకుని అక్కడే కుదురుగా వుండాలి. వూపిరి సలపకపోతే సందులోకి తప్పుకోవచ్చు. బండి చక్రాల చేరువకు ఎవరూ పోకూడదు. పాత డాబాల సన్ సైడ్ల మీదికి, పిట్టగోడల మీదికి ఎక్కడం మరీ ప్రమాదం. 2025 ఉత్సవం జరుగుతూ వుండగా పెద్దలు కూర్చున్న వేదికే ఒకటి కూలిపోయింది. పాత పిట్టగోడ నలభై మందిని మోస్తుందని ఎవరు పూచీ పడతారు?

మూడవది, పిల్లల సంగతి. పిల్లవాడి జేబులో తండ్రి పేరు, వూరు, ఫోను నంబరు రాసిన చీటీ వేయాలి. అంత జనంలో ఫోన్లు కలవవు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో యింటి దగ్గరే చెప్పుకోవాలి. మూడు లాంతర్ల దగ్గరనో, గంటస్తంభం దగ్గరనో అనుకుంటే లాభం లేదు. వూరంతా అదే మాట అనుకుని వస్తుంది. రెండు వీధుల అవతల ఒక కొట్టో, బడో గుర్తు పెట్టుకోవాలి. ఒంటిమీది బంగారం యింట్లోనే వుంచి రావడం మంచిదని వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవది, అరటిపళ్లు. మొక్కు పేరిట సిరిమాను మీదికి పళ్లు విసిరే అలవాటు వుంది. అంత ఎత్తున, కదిలే మాను కొసన కూర్చున్న మనిషికి దెబ్బ తగిలితే ఏమవుతుంది? గురి తప్పిన పండు మరొకరి నెత్తిన పడుతుంది. తొక్కమీద కాలు జారి ఒకరు పడితే వారి మీద పదిమంది పడతారు. పండును చేతిలో వుంచుకుని దండం పెట్టి, పక్కనున్న బిడ్డకు యిచ్చినా మొక్కు చెల్లుతుంది.

ఒకవేళ నెట్టుడు మొదలైతే ఎదురు తిరిగి నెట్టకూడదు. రెండు చేతులూ రొమ్ముకు అడ్డంగా వుంచుకుని, జనం సాగిన వైపే సాగుతూ మెల్లగా ఒక పక్కకు జరగాలి. జారిన చెప్పు కోసం, పడిన సంచి కోసం వంగరాదు. చెప్పులు మళ్లీ కొనుక్కోవచ్చు.

అంత జనాన్ని తట్టుకోలేనివారు బాధపడనక్కరలేదు. ముందునాటి సోమవారం రాత్రి తొలేళ్లు. రైతులకు విత్తనాలు పంచేది ఆనాడే. తరువాతి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం. ఆ పై మంగళవారం ఉయ్యాలకంబాల. స్టేషను దగ్గరి వనంగుడిలో అమ్మవారు ఎప్పుడూ వుండనే వున్నారు. ఒక్క రోజునే దర్శనమని ఎవరూ శాసించలేదు.

ఇదంతా జనానికి చెప్పడం సులువు. అధికారుల బాధ్యత అంతకంటె పెద్దది. జనాన్ని కర్రల కంచెల వెనుక కుక్కి, కంచె ముందు స్థలాన్ని పాసులున్నవారికి వదిలిపెడితే తోపులాటకు ఏర్పాటు చేసినట్టే. రోడ్డును ఆక్రమించే వేదికలు ఎన్ని తగ్గితే అంత మంచిది. దారిలోకి కలిసే సందులను మూసివేయక, అంబులెన్సు పోవడానికి ఒకటి రెండింటిని ఖాళీగా వుంచాలి. సిరిమాను ఆలస్యమైతే ఎంత ఆలస్యమో మైకులో చెప్పాలి. ఎప్పుడొస్తుందో తెలియక జనం ముందుకు తోసుకు వస్తారు గాని, తెలిస్తే కూర్చుంటారు. ఉదయం నుంచి రాత్రి దాకా వీధిలో నిలబడే ఆడవారికి మరుగుదొడ్లు చాలినన్ని లేకపోవడం సిగ్గుచేటు. మరుగుదొడ్డికి వెళ్లే దారి లేక గుక్కెడు నీళ్లయినా తాగని తల్లులు ఎండలో సొమ్మసిల్లుతున్నారంటే ఆశ్చర్యమేముంది?

1757లో బొబ్బిలి యుద్ధంలో అన్న పెద విజయరామరాజు మరణించిన వార్త విని పైడితల్లి పెద్దచెరువులో లీనమయిందని ప్రతీతి. చెరువు నుంచి విగ్రహాన్ని తీసిన జాలరుల గుర్తుగా నేటికీ వారి వల సిరిమానుకు ముందు నడుస్తుంది. పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు వెంట సాగుతాయి. ముందుకు దూకాలని తొందరపడేవారు వీటిలో ఒక్కదాన్నయినా నిదానంగా చూడరు. నిలబడిన చోటికే మూడుసార్లు వచ్చి పోయే అమ్మవారిని చూడడానికి, పక్కవాడి బిడ్డను తొక్కి పోవలసిన అవసరం ఎవరికీ లేదు.