పంట రాసే పని ఎవరిది?

2025 పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ రైతు యార్డుకు బండి కట్టే ముందు చూసుకోవలసి వచ్చింది పత్తిలో తేమ ఒక్కటే కాదు. ఏఈఓ సారు తన చేను రాసుకున్నాడా లేదా అన్నది కూడా. పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. సర్కారు లెక్కలో పంట ఎక్కని రైతుకు సీసీఐ కేంద్రంలో ఆ ధర దక్కడం కష్టం. దళారి ఎంతంటే అంతకు తూకం వేయించుకుని ఇంటికి రావలసిందే.

ఇంత ముఖ్యమైన పని అసలు ఎవరిది? నిజాం కాలంలో పహాణీలో పంట రాసింది పట్వారీ. ఎవరి పేరు ఎక్కించాడో, ఎవరి పేరు కొట్టేశాడో కరీంనగర్ పల్లెలకు మేము చెప్పనక్కరలేదు. 1984లో పట్వారీ పదవి పోయినా ఆ పని రెవెన్యూ శాఖ చేతిలోనే ఉండిపోయింది. 2020లో వీఆర్వోలనూ రద్దు చేశారు. తెగులు చూసి మందు చెప్పవలసిన వ్యవసాయ విస్తరణ అధికారి నెత్తిన రైతుబంధు, రైతుబీమా కాగితాలు అప్పటికే ఉన్నాయి. 2024లో డిజిటల్ పంట సర్వే కూడా వచ్చి పడింది. చేను చేనుకూ పోయి ఫోటో తీయాలి. సహాయకులు లేనిదే మా వల్ల కాదన్నందుకు ఆ అక్టోబరులో వందకు పైగా ఏఈఓలను సస్పెండ్ చేశారు.

సుమారు 5,000 ఎకరాలకు ఒక ఏఈఓ అన్నది సర్కారు లెక్క. మానకొండూరు దిక్కు కాలువ కింద వరి మళ్లు ఒక్కచోటే ఉంటాయి. ఉట్నూరు, జైనూరు దిక్కు వాగు దాటి గుట్ట ఎక్కితే గాని చేను రాదు. హైదరాబాదులో కూర్చుని గీసిన లెక్కకు వాగులు, గుట్టలు కనిపించవు మరి!

వ్యవసాయ శాఖలో ఈ గోడలు నిన్న మొన్న కట్టినవి కావు. బ్రిటిష్ పాలకులు 1905లో బీహారులోని పూసాలో పరిశోధనా సంస్థ పెట్టారు. ఇంపీరియల్ సర్వీసులో పెద్ద కొలువులు ఎక్కువగా సీమ నుంచి దిగిన దొరలవి. రైతు భాష తెలిసిన మనవాళ్లు చాలామంది కింది సర్వీసుల్లో, తక్కువ జీతాలకు. ఆ దొరల్లోనూ పడేది కాదు. నేల, పైరు, పశువు కలిపి చూడాలన్న ఆల్బర్ట్ హోవర్డ్‌కు పూసాలో ఎవరి శాఖ వారిదన్న పద్ధతి గిట్టలేదు. చివరకు ఆయన 1924లో ఇండోర్‌లో వేరే సంస్థ పెట్టుకున్నాడు. అదే ఏడాది లీ కమిషన్ సీమ నుంచి దొరలను తెచ్చే పద్ధతి ఆపమని చెప్పింది. పై కుర్చీల్లో మనుషులు మారారు గాని, పై వాడు ఆదేశించడం, కింది వాడు పట్టిక నింపడం మారలేదు.

2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులు వచ్చారు. పంట నమోదులో వీరి వంతు ఎంత, ఏఈఓ వంతు ఎంత అన్నది సర్కారు స్పష్టంగా రాసివ్వాలి. అదొక్కటీ చాలదు. పంట పట్టాదారు పేరున ఎక్కితే, దున్ని విత్తిన కౌలుదారు పత్తి అమ్ముకోవడానికి ఆ పట్టాదారు గడప దగ్గరే నిలబడాలి. కౌలుదార్లకు కార్డులివ్వాలని 2011లో చట్టం చేశారు. ఆ కార్డు అడిగితే తహసీలుదారు ఆఫీసుకు పొమ్మంటారు. పంట రాయమంటే రైతు వేదికకు పొమ్మంటారు. సర్వేకు వేరే మనుషులను తీసుకోవాలి, ఏజెన్సీ మండలాల్లో ఎకరాల లెక్క తగ్గించాలి, సాగు చేసేవాని పేరే రాయాలి. వచ్చే వానాకాలం విత్తనాలు పడకముందే ఇది తేలాలి.